రాయి పేరూ, రాయి పనీ

1

మంగలికత్తి నూరే రాయి గురించి విమర్శ వ్యాసాల పత్రికలో రాయటమేమిటని కొందరు మిత్రులు అడుగుతారు. అడగాలి కూడా. వొక వస్తువు విలువను దాని పని నిర్ణయించాలా, దాని మీద అంటించిన పేరు నిర్ణయించాలా అన్న ప్రశ్న సాహిత్యంలో యెంత పెద్దదో సానరాతి విషయంలోనూ అంత పెద్దది. తేడా వొక్కటే. సాహిత్యంలో మాటల చాటున దాక్కోవచ్చు. రాతి దగ్గర ఆ వీలు లేదు. కత్తి తెగుతుంది, లేదా తెగదు.

మా తాత మంగలి. కోస్తాలో వొక చిన్న వూళ్ళో నలభై యేళ్ళకు పైగా గడ్డాలు గీశాడు, తలలు గొరిగాడు, పెళ్ళిళ్ళలో సన్నాయి వాయించాడు, కురుపులు కోసి కట్లు కట్టాడు. ఆయన పొదిలో వొక రాయి వుండేది. జానెడుకు తక్కువ పొడవు, రెండు వేళ్ళ వెడల్పు, బూడిద రంగు. యేళ్ళ తరబడి కత్తి తిరిగిన చోట నడుమ కాస్త గుంటపడింది. తాత పోయిన తర్వాత ఆ పొది మా యింటి అటక మీద వుండిపోయింది.

కొన్ని నెలల కిందట, పాత కత్తులూ సానరాళ్ళూ పోగుచేసే వొక పెద్దమనిషి నా దగ్గరకు వచ్చాడు. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. రాతిని చేతిలో తూచాడు. తడిపి బొటనవేలితో రుద్దాడు. వెలుతురుకు పెట్టి చూశాడు. ముఖం వెలిగింది. “మాస్టారూ, యిది జర్మనీ రాయి. తూరింగియా పలక. సందేహం లేదు,” అన్నాడు. నా నెల జీతంలో సగానికి మించిన ధర చెప్పాడు. తర్వాత, “చీటీ యేది? పెట్టె యేది?” అని అడిగాడు. చీటీ లేదు, పెట్టె లేదు, ఆ రాయి పొదిలో తోలుగుడ్డలో చుట్టి వుండేదని చెప్పాను. ధర పదో వంతుకు పడిపోయింది.

“పది నిమిషాల కిందట మీరే సందేహం లేదన్నారు కదండీ?”

“రాయి అదే మాస్టారూ. కాని చీటీ లేనిది యిది వుత్త పలకరాయి.”

యీ వొక్క మాటను ఖండించటానికే యీ వ్యాసం. ఆ పెద్దమనిషి మీద నాకు కోపం లేదు. ఆయన అబద్ధం ఆడలేదు, మోసం చెయ్యలేదు. సంత యెలా ఆలోచిస్తుందో అలాగే ఆలోచించాడు. ఖండించవలసింది ఆ ఆలోచనను.

2

మార్క్సు 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో సరుకుల మాయను గురించి వివరించాడు. మనుషుల మధ్య వున్న శ్రమ సంబంధం వస్తువుల మధ్య సంబంధంలా కనిపించటమే ఆ మాయ. మన విద్యార్థులు యీ సూత్రాన్ని పరీక్షలో చక్కగా రాస్తారు. కాని సూత్రాన్ని వప్పజెప్పటం వేరు, చేతిలో వున్న వస్తువులో దాన్ని చూడటం వేరు. పాత సానరాళ్ళ సంత ఆ మాయకు పాఠం చెప్పటానికే పుట్టినట్టుంటుంది. అక్కడ పలికే పేర్లలో నాలుగింటిని తీసుకుందాం.

మొదటిది తూరింగియా. జర్మనీలో స్టైనాఖ్ అనే వూరి చుట్టుపక్కల కొండల్లో మెత్తని పలకరాయి దొరుకుతుంది. దాని నుంచే కత్తుల రాళ్ళు కోసేవారు. జోనెబెర్గ్ పట్నంలోని ఎషర్ అనే వ్యాపారసంస్థ తన చీటీ అంటించి వాటిని దేశదేశాలకూ అమ్మింది. ముదురు నీలం, నీలి ఆకుపచ్చ, లేత ఆకుపచ్చ, పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చ అని రంగు పేరు కూడా చీటీ మీదే వుండేది. యివాళ సేకర్తలు ఆ చివరి రంగు కోసం పోటీలు పడతారు. అదే స్టైనాఖ్ మరొక వస్తువుకు కూడా ప్రసిద్ధి. లోకంలోని బడిపిల్లల చేతుల్లో తిరిగిన పలక బలపాల్లో చాలా భాగం అక్కడే తయారైంది. కుటుంబాలకు కుటుంబాలు, ఆడవాళ్ళూ పిల్లలూ సహా ఆ పనిలో బతికారు, ఆ దుమ్ము పీల్చి చచ్చారు. చీటీ మీద ఎషర్ పేరుంది. దుమ్ము పీల్చినవాడి పేరు యే చీటీ మీదా లేదు.

రెండోది బెల్జియం. ఆర్డెన్ కొండల్లో వీల్‌సాల్మ్, లియెర్నూ ప్రాంతాల్లో కోటికూల్ అనే లేత పసుపు రాయి దొరుకుతుంది. ఊదా నీలం పలకల మధ్య సన్నని పొరలుగా వుంటుంది. కొన్ని పొరలు వేలెడు మందం కూడా వుండవు. అందులో కంటికి ఆనని గార్నెట్ రవ్వలు కోట్లకొద్దీ వున్నాయి. మన నగలవాళ్ళు గోమేధికమనే రాయి కూడా ఆ జాతిదే. వుక్కును కోసేది ఆ రవ్వలే. అక్కడి తవ్వకం గత శతాబ్దం చివరి భాగంలో దాదాపు ఆగిపోయి, 1990ల చివర మళ్ళీ మొదలయింది. గని పనివాళ్ళు తమ పని సౌకర్యం కోసం వొక్కొక్క పొరకూ వొక్కొక్క పేరు పెట్టుకున్నారు. లా వెనెట్, లా డ్రెసాంట్, లె లాట్నూస్. పనివాడు పెట్టిన యీ పేర్లు యిప్పుడు ధర పెంచే బిరుదులయినాయి. నిజానికి వొకే పొరలోంచి తీసిన రెండు ముక్కలు కూడా వొకేలా పని చెయ్యవు. ఆ సంగతి పేరు పెట్టినవాడికి తెలుసు. పేరు కొనుక్కునేవాడికి తెలియదు.

మూడోది అమెరికాలోని ఆర్కన్సా. అక్కడి రాయి దాదాపు శుద్ధ సిలికా. శాస్త్రజ్ఞులు దాన్ని నోవాక్యులైట్ అంటారు. లాటిన్‌లో నోవాక్యులా అంటే మంగలికత్తి. మన పండితులు చెవిలో వేసుకోవాలి: వొక శిలాజాతికే మంగలికత్తి పేరు పెట్టుకోవటానికి లాటిన్ చదువుకున్నవాళ్ళు సిగ్గుపడలేదు. ఆ రాతిని మొదట తవ్వినవాళ్ళు అమెరికా ఆదివాసులు. బాణపు మొనలూ యీటె మొనలూ చేసుకున్నారు. 1818 ఒప్పందంతో క్వాపా జాతివాళ్ళు ఆ నేలను వదులుకోవలసివచ్చింది. రాయి కంపెనీల సరుకయింది.

నాలుగోది జపాన్‌లోని క్యోటో చుట్టుపక్కల రాళ్ళు. వాటి మీద గని పేరుతో సిరా ముద్రలుంటాయి. ఆ ముద్ర రాతిలో పుట్టదు, యెవడో వేస్తాడు. తవ్వినప్పుడు వేసిందీ, నిన్న వేసిందీ వొకేలా కనిపిస్తాయి. చీటీయే నిరూపణ అని నమ్మేవాడు చివరకు చేరేది యిక్కడికే. రాతిని పరీక్షించటం మాని సిరాను పరీక్షిస్తూ కూర్చుంటాడు.

3

“మరి చీటీ లేకుండా రాతిని గుర్తుపట్టేదెలా?” అని యెదురు ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్న. జవాబుగా పద్ధతే చెపుతాను.

ముందు కంటితో చూడాలి. రాతి పక్కలు రంపపు గీతలతో గరుకుగా, యెగుడుదిగుడుగా వుంటే అది కొండ రాయి కావటానికి అవకాశం యెక్కువ. అంచులన్నీ అచ్చులో పోసినట్టు వుండి, వొంటి నిండా వొకే రకం మెరుపు రవ్వలు కనిపిస్తే అది కార్ఖానా రాయి. మంగళ్ళ కోసం కార్ఖానాలు చేసిన చిన్న రాళ్ళను కొండ రాళ్ళని నమ్మి కొనేవాళ్ళు యెందరో. పసుపు రాయి కింద నీలం పలక వుంటే రెంటి మధ్య గీతను చూడాలి. గీత వంకరగా, వొకదానిలోకి వొకటి కలిసినట్టుంటే భూగర్భంలోనే అతికినవి. తిన్నగా, నల్లని జిగురుతో వుంటే పనివాడు అతికినవి. అతికించినంత మాత్రాన నాసిరకం కాదు. సన్నని పొర విరిగిపోకుండా వెనక పలక వెయ్యటం పనివాడి తెలివి.

తర్వాత తూచాలి. రాతిని గాలిలో తూచి, నీటిలో వేలాడదీసి మళ్ళీ తూచాలి. గాలిలో బరువును ఆ రెండు బరువుల తేడాతో భాగిస్తే సాంద్రత వస్తుంది. వున్నత పాఠశాల పిల్లవాడికి తెలిసిన ఆర్కిమిడీసు లెక్కే యిది. సామాన్యమైన పలకరాయి 2.7, 2.8 దగ్గర తూగుతుంది. ఆర్కన్సా రాయి 2.65కు మించదు, శుద్ధ సిలికా బరువే అంత. గార్నెట్ బరువైన ఖనిజం కనక, వెనక అతుకు పలక లేని కోటికూల్ మామూలు పలక కంటే బరువు తూగుతుంది.

తర్వాత గీయాలి. రాతి మూలన వుక్కు మేకుతో గీస్తే పలకరాతి మీద గాటు పడుతుంది. ఆర్కన్సా రాతి మీద గాటు పడదు, మేకే అరిగి లోహపు గీత మిగులుతుంది. మంచి ఆర్కన్సా రాతిని దీపానికి అడ్డం పెడితే పలచని అంచులోంచి వెలుతురు దిగుతుంది.

అన్నిటికంటే ముఖ్యం నీళ్ళు పోసి రుద్దటం. అదే జాతి చిన్న రాతితో పైన రుద్దితే సాన మీద చందనం తీసినట్టు చిక్కని నీరు వస్తుంది. మా తాత దాన్ని గంధం అనేవాడు. కోటికూల్ గంధం పాలలా తెల్లగా వచ్చి, కత్తి తిప్పగానే వుక్కు కలిసి బూడిద రంగుకు తిరుగుతుంది. యెంత త్వరగా తిరిగితే రాయి అంత వేగంగా కోస్తున్నట్టు లెక్క. గంధం చిక్కగా వున్నంతసేపూ అది కోతరాయి. చుక్క చుక్కగా నీళ్ళు కలిపి గంధాన్ని పలచన చేస్తూపోతే అదే రాయి మెరుగు రాయి అవుతుంది. ఆర్కన్సా రాతికి గంధం రాదు. దాని ముఖాన్ని యెంత నున్నగా తీరిస్తే అది అంత నున్నగా పనిచేస్తుంది.

యింత చేసినా రాయి యే కొండదో చెప్పలేకపోవచ్చు. కాని అది యేం చేస్తుందో తేలిపోతుంది. మా తాత రాయి సన్నని నేత గల పలక. గంధం లేతగా, తొందరగా వస్తుంది. కత్తికి నున్నని వాదర యిస్తుంది. మంగలికి కావలసిన జ్ఞానం యింతే. యింతకు మించి కావలసింది అమ్మకందారుడికి.

4

పాత రాతిని పనికి సిద్ధం చెయ్యటం మరొక పరీక్ష. సేకర్తకూ పనివాడికీ దారులు యిక్కడ పూర్తిగా విడిపోతాయి.

పాత రాళ్ళు సాధారణంగా నూనె తాగి, నల్లబడి, నడుమ గుంటపడి దొరుకుతాయి. ముందు సబ్బునీళ్ళలో, చాకలి సోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళలో కొన్నాళ్ళు నానబెట్టి, నీళ్ళు మారుస్తూ నూనె లాగాలి. తొందరపడి వుడకబెట్టకూడదు. అతుకు జిగురు వూడుతుంది, పొరల రాయి పగులుతుంది. తర్వాత మందపాటి అద్దం మీదో, చదునైన గ్రానైటు పలక మీదో సిలికాన్ కార్బైడ్ పొడిని తడిపి వేసి, రాతిని బోర్లించి రుద్దాలి. రుద్దేముందు రాతి ముఖమంతా పెన్సిలుతో గళ్ళు గీయాలి. గీతలన్నీ చెరిగిపోతే ముఖం చదునైనట్టు. నడుమ గీతలు మిగిలితే గుంట యింకా వున్నట్టు. ముతక పొడితో మొదలుపెట్టి సన్న పొడికి రావాలి. చివర పదునైన అంచులను కాస్త మొద్దు చెయ్యాలి, లేకపోతే అంచు చిట్లి, ఆ పెళుసు కత్తి కిందికి వచ్చి వాదరను గాటు పెడుతుంది. పొరలు విడిపోయే జాతి రాతికి పక్కలా అడుగునా వార్నీషు పూయాలి.

వొక హెచ్చరిక. యీ పనంతా తడిలోనే జరగాలి. పొడి రాతిని యంత్రంతో రాపిడి చేస్తే లేచే దుమ్ములో సిలికా వుంటుంది. అది వూపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో పలక బలపాలు కోసిన కార్మికులు సిలికోసిస్‌తో నడివయసు రాకుండానే చనిపోయారు. మన మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన మనందరికీ యీ విషయంలో వొక బాకీ వుంది.

చీటీ వున్న రాతిని సేకర్త నీళ్ళలో ముంచడు. చీటీ పోతుందని భయం. గుంట తియ్యడు. అరిగితే ధర పోతుందని భయం. నూరటానికి పుట్టిన రాయి అద్దాల బీరువాలో నూరకుండా కూర్చుంటుంది. ఉపయోగపు విలువను మారకపు విలువ మింగెయ్యటానికి యింతకంటే పచ్చి వుదాహరణ నాకు కనపడలేదు.

నేను కూడా వొక సందిగ్ధంలో పడ్డానని దాచను. మా తాత రాతి నడుమ గుంట నలభై యేళ్ళ చేతిపని. దాన్ని చదును చేస్తే ఆయన గుర్తు చెరిపినట్టు కాదా? రెండు వారాలు రాయి బల్ల మీదే వుంది. చివరకు మా నాయన తేల్చాడు. “ఆ గుంట చూసి మురుసుకుంటావేమిట్రా? మీ తాతే వుంటే యీపాటికి దాన్ని బండ మీదేసి రుద్దేవాడు,” అన్నాడు. ఆయన మాట నిజం. గుంటను పూజించటం సేకర్త చీటీని పూజించటానికి చుట్టరికమే. రాతిని చదును చేశాను.

5

యిక మనవాళ్ళ సంగతి. యెదుటివాణ్ణి ఖండించి వూరుకుంటే అది విమర్శ కాదు.

మనలో కొందరు సంతను తిట్టి, దానికి బదులు పాతకాలాన్ని నెత్తిన పెట్టుకుంటారు. కొండ రాతిలో ఆత్మ వుంది, యంత్రపు రాతిలో లేదు అంటారు. యిది పచ్చి భావవాదం. కార్ఖానా రాతిలో రవ్వ పరిమాణం యెంతో ముందే తెలుసు, ముక్క ముక్కకూ మారదు. కొండ రాతిలో వొక గట్టి రవ్వో, విషపు గీతో కలిసి వుంటే రోజు పని పాడవుతుంది. వాదర పూర్తిగా పోయిన కత్తిని యెంత గొప్ప కొండ రాయీ బాగుచెయ్యలేదు. ముతక కార్ఖానా రాయి మీద మొదలుపెట్టవలసిందే. మా తాత పొదిలోనే రెండో రాయి కార్ఖానాది. ఆయనకు ఆత్మతో పని లేదు.

జిల్లెట్ మారుడు బ్లేడు 1903లో అమ్మకానికి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం తన సైనికులకు ఆ కత్తులు పంచింది. యింట్లో గడ్డం గీసుకోవటం అలవాటయి, సానరాళ్ళ గిరాకీ పడిపోయింది. మన దేశంలో హెచ్.ఐ.వి. గురించి తెలిసిన తర్వాత మంగలి షాపుల్లో మనిషికో బ్లేడు మార్చే కత్తి వచ్చింది. అది మంచి మార్పు. వొకే కత్తితో వూరందరినీ గీసిన రోజులు మళ్ళీ రావాలని కోరేవాడు ప్రజల మిత్రుడు కాడు. రాయి పనిలోంచి తప్పుకోవటం అన్యాయం కాదు. ఆ రాతి చుట్టూ వున్న జ్ఞానాన్ని ముందు కులమని తోసేసి, తర్వాత అదే జ్ఞానాన్ని పరదేశపు పేరుతో కొనుక్కోవటమే అన్యాయం.

ఆ పెద్దమనిషి నాతో గంటసేపు కోటికూల్ గంధం గురించి మాట్లాడాడు. వెన్నూ వాదరా రెండూ రాతికి ఆని వుండాలనీ, నూరేటప్పుడు వాదర ముందు నడవాలనీ, తోలుపట్టా మీద వెన్ను ముందు నడవాలనీ నాకు నేర్పాడు. యీ మూడు ముక్కలూ మా తాత నాకు ఆరేళ్ళ వయసులో చెప్పాడు. ఆయన చెప్పినప్పుడు అది కులపు పని. యీయన చెప్పినప్పుడు అది కళ. మా తాతను వూళ్ళో పెద్దల అరుగు యెక్కనివ్వలేదు, కాని ఆయన కత్తి రోజూ వాళ్ళ గొంతుల మీద నడిచింది. మా కులం పేరును యిప్పటికీ తిట్టుగా వాడే నోళ్ళున్నాయి. ఆ నోళ్ళలో డిగ్రీలున్న నోళ్ళు తక్కువేమీ కాదు.

మన సాహిత్యం యేం చేసింది? మన అలంకారికులకు సానబట్టిన మణి తెలుసు. రాజుల నఖాలకూ కిరీటాలకూ మెరుగు పెట్టిన సాన తెలుసు. మంగలి పొదిలో సాన తెలియదు. అభ్యుదయ కవిత్వం వృత్తులకు గౌరవమిచ్చింది, అది చిన్న విషయం కాదు. కాని శ్రీశ్రీ ‘ప్రతిజ్ఞ’లో కమ్మరికీ కుమ్మరికీ సాలెకూ జాలరికీ దొరికిన ప్రత్యేక స్థానం మంగలికి దొరకలేదు. యిది శ్రీశ్రీ మీద అభియోగం కాదు. వొక పద్యంలో అందరూ పట్టరు. అభియోగం ఆ తర్వాత వచ్చిన మన మీద. శ్రమజీవి అన్న మాటను వేలసార్లు రాశాం. శ్రమజీవి తన పనిముట్టును యేమని పిలుస్తాడో అడగలేదు. చీటీ అంటించి తృప్తిపడటంలో మనకూ ఆ సేకర్తకూ తేడా యెక్కడుంది? ఆయన చీటీ మీద ఎషర్ అని వుంది. మన చీటీ మీద శ్రామికుడు అని వుంది.

తెలుగు చెప్పే అధ్యాపకులకూ, చదివే విద్యార్థులకూ నా మనవి. మీ వూళ్ళో పాత షాపుల్లో యింకా కొందరు ముసలివాళ్ళున్నారు. పొది విప్పి చూపమనండి. రాతిని యేమంటారో, గంధాన్ని యేమంటారో, వాదర వచ్చిందని యెలా తెలుసుకుంటారో అడగండి. రాసుకోండి. తిరిగి తరగతిలో చెప్పండి, చెప్పినవాడి పేరుతో చెప్పండి. కత్తి పట్టి నూరి చూపేవాణ్ణి వొక్కరోజు తరగతికి పిలిచి కుర్చీ వెయ్యండి.

మా తాత రాయి నేను అమ్మలేదు. పోయిన ఆదివారం దాని మీద ఆయన కత్తే నూరాను. తోలుపట్టా మీద యాభైసార్లు తిప్పి గడ్డం గీసుకున్నాను. చుబుకం దగ్గర రెండుచోట్ల తెగింది. అది రాతి తప్పు కాదు, నా చేతి తప్పు. రాయి తన పని తాను చేసింది.